ఎడమ మడమ పక్కన

రెంగమ్మాళ్ మోకాళ్ళ మీద వంగి మూడో జత పాదాలు గీస్తోంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి ముగ్గుపిండి సన్నగా జారుతోంది. మడమ దగ్గర గుండ్రంగా తిప్పింది, అరికాలి వంపు దగ్గర చెయ్యి లోపలికి లాగింది, పైన ఐదు చుక్కలు పెట్టింది. భుజాల వెడల్పంత ఎడం వదిలి రెండో పాదం మొదలుపెట్టింది. పడమటి గాలి పొద్దున్నే లేచింది. పొడి నేల మీద పిండి నిలవదని ముందే నీళ్ళు చిలకరించుకుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే నేర్చుకునేవాళ్ళు వచ్చేసరికి వాళ్ళ పాదాలు సాత్తూరు దాకా పోయి ఉండేవి.

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ వెళ్ళే నాలుగు వరసల రోడ్డు పక్కన, ఒకప్పుడు పత్తి పండిన నల్లరేగడిలో, ఓ నూలుమిల్లు యజమాని గోల్ఫ్ నేర్పే చోటు పెట్టించాడు. పచ్చిక తివాచీ ఊహించుకుంటే పొరపాటే. ముందు వరసలో కొంచెం గడ్డి, ఆ తర్వాత నెర్రెలు విచ్చిన నేల, దూరంగా ఓ ఎర్ర జెండా, చుట్టూ వల. వానల్లేని కాలంలో కొట్టిన బంతుల్లో సగం నెర్రెల్లోకి దిగిపోతాయి. వాటిని వంచిన కమ్మీతో పైకి లాగటం కూడా రెంగమ్మాళ్ పనే. ఈ మెట్టసీమలో గోల్ఫ్ ఏమిటని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. విరుదునగర్ పప్పుల వర్తకులూ, శివకాశి అచ్చాఫీసులవాళ్ళూ దేశదేశాలతో బేరాలాడుతున్నారు. చేతిలో ఆ కర్ర ఉంటే కొన్ని బేరాలు తొందరగా తెగుతాయని వాళ్ళకు ఎవరో చెప్పారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

వచ్చేవాళ్ళంతా కొత్తవాళ్ళే. నేర్పే ఆనందరాజ్ ఊటీలో పెద్ద క్లబ్బులో పనిచేసి వచ్చినవాడు. అతని చదువంతా నిలబడటంలోనే ఉంది. కర్ర పట్టుకోగానే బాదేద్దామని వచ్చినవాళ్ళను వారాల తరబడి ఊరికే నిలబెడతాడు. కాళ్ళు భుజాల వెడల్పు ఉండాలి, మోకాళ్ళు కొంచెం సడలాలి, తుంటి దగ్గర వంగాలి, చేతులు వాటంతటవి వేలాడాలి. జెండాకు ఎదురుగా నిలబడకూడదు, ఎడమ భుజం జెండా వైపు పెట్టి పక్కగా నిలబడాలి. పొట్టి కర్రైతే బంతి రెండు పాదాలకూ నడుమ. పొడుగు కర్రైతే ఎడమ మడమ పక్కన. ఇదంతా నోటితో చెప్తే ఎవరికీ ఎక్కదు గనక, నేల మీద పాదాలు గీయించి వాటిలో నిలబడమంటాడు. ఆ గీసే చెయ్యి రెంగమ్మాళ్‌ది.

ఆ చెయ్యి మొదటిరోజు చేసిన ఘనకార్యం ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు. "అక్కా, బంతి దగ్గర రెండు పాదాలు ముగ్గుతో వెయ్యి" అని తమిళంలో చెప్పి ఆనందరాజ్ టీ తాగటానికి వెళ్ళాడు. తిరిగొచ్చి చూస్తే రేకుల షెడ్డు గడప నుంచి బంతి దాకా బుల్లి బుల్లి పాదాలు వరసగా నడుచుకుంటూ వచ్చి ఉన్నాయి. పిడికిలిని పిండిలో ముంచి నేలకు అద్ది, పైన వేలికొనతో చుక్కలు పెట్టిన కృష్ణుడి పాదాలు. గోకులాష్టమి నాడు ఆ సీమలో వాకిలి నుంచి దేవుడి గూటి దాకా వేసేవి. పాదాలు వెయ్యమంటే ఆమెకు తెలిసిన పాదాలు అవే మరి. మిల్లు యజమాని కారు దిగి చూసి, "ఎవరింటి పసివాడు ఆడటానికి వస్తున్నాడు?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. అందరితో పాటు రెంగమ్మాళ్ కూడా నవ్వింది. ఇంటికి పోయి మాత్రం అన్నం తినలేకపోయింది.

ఏళాయిరంపన్నై పక్క పల్లెలో కాపురానికి వచ్చిన ఏడు మొదలు ప్రతి అష్టమికీ ఆమె ఆ పాదాలు వేసింది. బిడ్డ కావాలనుకునే కోడలు వేస్తే కృష్ణుడు నడిచి ఇంట్లోకి వస్తాడని అత్త పక్కన కూర్చుని మరీ వేయించేది.

"మడమ వీదికి, వేళ్ళు ఇంటికి ఉండాల. తిప్పి పెడితివా, వచ్చేవాడు వాకిట్నించే తిరుక్కొని పోతాడు" అనేది.

రెంగమ్మాళ్ ఒక్కసారి కూడా తిప్పి పెట్టలేదు. అయినా ఎవరూ రాలేదు. భర్త పేరు కొండసామి, మనిషి మాత్రం వెదురుబద్దలా ఉండేవాడు. తాయిల్పట్టి టపాకాయల ఫ్యాక్టరీలో మోతపని. సాయంత్రం మెడ మీద వెండిరంగు మందుపొడితో ఇంటికి వచ్చేవాడు. అతను పోయాడని చెప్పగానే అందరూ పేలుడా అని అడుగుతారు. కాదు, మామూలు దగ్గు. ఆ ఏటి నుంచి ఆమె పాదాలు వెయ్యటం మానేసింది. తర్వాత చెల్లెలి కూతురికి కడుపుతో ఉండగా గాజులు తొడిగిన రోజు, "నువ్వు పొయ్యికాడ చూసుకో అక్కా" అని చెల్లెలే ఆమెను మెల్లిగా లోపలికి పంపింది. బిడ్డలు లేనిదాన్ని, మొగుడు పోయినదాన్ని నలుగురిలో ముందు ఎవరు నిలబెడతారు? రెంగమ్మాళ్ పాయసం అడుగంటకుండా కలిపి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆ సాయంత్రమే బస్సెక్కింది. అప్పటినుంచీ కోవిల్‌పట్టిలో, పాత అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వెనక లైన్ ఇళ్ళలో ఒక గది. ఇరుగుపొరుగంతా తమిళం. ఇంటి తెలుగు మాట్లాడుకోవటానికి గోడలే దిక్కు. ఆ గదిలో చుట్టమనే మనిషి ఎన్నడూ అడుగుపెట్టలేదు.

అలాంటిదానికి కార్తీశ్వరి దొరికింది. విరుదునగర్‌లో పప్పులు ఎగుమతి చేసే కంపెనీలో ఆఫీసరు, ముప్ఫై దాటని పిల్ల. యజమాని బలవంతం మీద శనివారాలు నేర్చుకోవటానికి వస్తుంది. ఒకరోజు రెంగమ్మాళ్ నెర్రెలో కమ్మీ పెట్టి కెలుకుతూ, "యాడ పొయ్యి దాక్కుంటివే దొంగదానా, బయటికి రా" అని బంతిని తిడుతోంది. ఆ పిల్ల కర్ర కింద పడేసి పరుగున వచ్చింది.

"అవ్వా, నువ్వు మనోళ్ళా? మా అవ్వ ఇట్లనే మాట్లాడతా ఉండె!"

కార్తీశ్వరి ఇంట్లో ఇప్పుడంతా తమిళమే. తెలుగు అవ్వతోనే వచ్చింది, అవ్వతోనే పోయింది. మిగిలిన నాలుగు ముక్కలనూ పోగు చేసుకుని రెంగమ్మాళ్‌తో మాట్లాడేది. మధ్యలో మాట దొరక్క తమిళంలోకి జారేది, రెంగమ్మాళ్ ఆ మాట అందించేది. 'అమ్మనైతే కాలే, నేరుగా అవ్వనైపోతిని' అనుకుని రెంగమ్మాళ్ ఆ రోజు బస్సులో ఒంటరిగా నవ్వుకుంటుంటే కండక్టర్ వింతగా చూశాడు.

పోయిన శనివారం ఆ పిల్లే అడిగింది.

"అష్టమికి చీడై చేస్తువా అవ్వా?"

"ఎవురికని చేసేది పాపా? నేనొక్కతె కొరుక్కోని కూసునేదానికా?"

"నేను వస్తా. మా అవ్వ పొయినంక మా ఇంట్లో ఎవురూ చెయ్యలే. సాయంత్రం మీ ఇంటికే వస్తా."

"నిజంగా వస్తువా?"

"కండిప్పా వస్తా అవ్వా. ఇల్లు యాడ చెప్పు."

కండిప్పా అంటే తప్పకుండా అని. చీడై అంటే అష్టమికి ఆ సీమలో నూనెలో వేయించే బియ్యప్పిండి ఉండలు. రెంగమ్మాళ్ ఇల్లు చెప్పింది, నీలం తలుపని కూడా చెప్పింది. ఆ వారమంతా ఆమెకు కాలు నిలవలేదు. గదికి సున్నం కొట్టింది. కొత్త చాప కొన్నది. నాలుగిళ్ళవతల ఉన్న మారీశ్వరి రోలు అడిగి తెచ్చి, బియ్యం నానబోసి, నీడన ఆరబెట్టి, నిన్నంతా దంచింది.

ఇవాళే అష్టమి, శనివారం నాడే పడింది. ఇప్పుడు గీస్తున్న ఈ మూడో జత కార్తీశ్వరిది. మిగతావాళ్ళవి కొలతపుల్ల పెట్టి గీస్తుంది గానీ ఈ పాదాలకు ఆ అవసరం లేదు. కుడికాలి చిటికెనవేలు కాస్త పక్కకు ఒరిగి ఉంటుందని ఆ చుక్క కూడా ఒరగబెట్టింది. లేవబోతే ఎడమ భుజం కింద ఏదో పట్టేసినట్టయింది. నిన్నటి దంపుడు చలవ అనుకుని కాసేపు షెడ్డు గుంజ పట్టుకుని నిలబడింది.

కార్తీశ్వరి ఆలస్యంగా వచ్చింది. చెవి దగ్గర ఫోను, మొహంలో చిరాకు. "అవ్వా" అని ఒక్క మాట పలికి, మళ్ళీ ఫోనులో తమిళం, ఇంగ్లీషు. చెప్పులు విడిచి గీసిన పాదాల్లో నిలబడింది. ముగ్గు గీత లోపల పాదాలు కచ్చితంగా కూర్చున్నాయి. పొడుగు కర్ర తీసుకుంది. బంతిని మాత్రం అలవాటుగా దగ్గరికి, రెండు పాదాల నడుమకు లాక్కుంది. కర్ర ఊపితే బంతి పైకి లేవకుండా నేలను రాసుకుంటూ పోయి మొదటి నెర్రెలోనే పడింది.

ఆనందరాజ్ నవ్వాడు. "మళ్ళీ నడుమ పెట్టారు మేడం. పొడుగు కర్ర బంతిని పైకి లేచేటప్పుడు తాకాలి. ఎడమ మడమ పక్కకు జరపండి."

"అంత దూరంగా పెడితే అందదేమోనని భయం సార్."

"అందుతుంది. మీరు బంతిని లాక్కోవద్దు. సరిగ్గా నిలబడండి, చాలు."

ఆమె ఏదో అనబోయింది, ఇంతలో ఫోను మోగింది. బంతుల బుట్ట చంకన పెట్టుకుని రెంగమ్మాళ్ అక్కడే నిలబడి ఉంది. సాయంత్రం వస్తావా అని అడగటానికి నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే గుర్తు చేసినట్టవుతుంది. గుర్తు చేస్తే మొహమాటానికైనా వస్తుంది. మొహమాటానికి వచ్చే చుట్టం రెంగమ్మాళ్‌కు అక్కర్లేదు. అటువంటి చుట్టరికాలు ఆమె చాలా చూసింది. ఆ పిల్ల దానంతటది గుర్తుంచుకుని రావాలి, వస్తే అదీ రావటం. అందుకని నోరు కట్టుకుని నెర్రెలో బంతి వెతికింది. తలెత్తేసరికి కార్తీశ్వరి ఫోను మాట్లాడుతూనే కారెక్కింది. కారు గేటు దాటి విరుదునగర్ వైపు తిరిగింది. చెయ్యి ఊపలేదు, వెనక్కి చూడలేదు.

"తంబీ, మధ్యాహ్నం ఇంటికి పోనా?" అని ఆనందరాజ్‌ను అడిగింది.

"ఏమిటక్కా విశేషం?"

"చుట్టాలొస్తున్నారు."

అన్నాక గాని తనేమన్నదో ఆమెకు తెలియలేదు. ఇన్నేళ్ళలో ఆమె నోట చుట్టమన్న మాట అతను విననే లేదు. సరేనన్నాడు. ఆమె కదలకుండా మళ్ళీ అడిగింది, "ఆ పాడైపోయిన బంతి ఒకటి తీసుకుపోనా?" పైతోలు చిట్లి పారేయటానికి పెట్టినదాన్ని చూపించింది.

"నీకెందుకక్కా అది?"

"ఊరికే."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని చెయ్యాలా మానాలా అని తర్కించుకుంది. ఆ పిల్ల మర్చిపోయింది, సందేహం లేదు. పెద్ద పనుల మనిషి, చీడైల కోసం ఇంత దూరం ఎందుకు వస్తుంది? పైగా తను లైన్ ఇళ్ళన్నిటికీ వాసన కొట్టేలా సున్నం వేసి, రోలు అరువు తెచ్చి అంత హడావుడి చేసింది. ఇప్పుడెవరూ రాకపోతే మారీశ్వరి మొహం ఎలా చూడటం? అయితే పిండి దంచేసింది. దంచిన పిండి మళ్ళీ బియ్యం కాదు కదా! ఆ లెక్కన చెయ్యటమే సబబని తేల్చుకుంది. బస్టాండులో దిగి వెన్న కొన్నది. భుజం నొప్పి దవడలోకి పాకుతుంటే గాలి పట్టిందని ఒక పన్నీర్ సోడా తాగింది. త్రేన్పు వచ్చింది. అదే మందు అనుకుంది.

ఇంటికొచ్చి పిండి వేయించి, మినప్పిండీ నువ్వులూ వెన్నా కలిపి, బంతుల్లా చుట్టింది. చీడై గట్టిగా నొక్కి చుడితే నూనెలో పేలిపోతుంది. మొహం కాల్చుకున్న కోడళ్ళు ఆ సీమలో ఊరికొకరు ఉంటారు. వదులుగా, చేతిలో ఉందో లేదో అన్నట్టు చుట్టాలి. ఆనందరాజ్ కర్ర పట్టుకోమనేది కూడా అచ్చం అలాగేనని ఆమెకు ఇప్పుడు తట్టి, ఆ పిల్లకు చెప్పాలనుకుంది. వాయి తర్వాత వాయి దించింది. ఒక్కటీ పేలలేదు. మధ్యలో రెండుసార్లు చెమట పట్టి కూర్చోవలసి వచ్చింది. పొయ్యి సెగ అనుకుంది.

వాసనకు మారీశ్వరి వచ్చి గుమ్మంలో తొంగి చూసింది. "ఎవరక్కా వచ్చేది?"

"మా పిల్ల" అంది రెంగమ్మాళ్ తమిళంలోనే, పళ్ళెం మీద నుంచి చూపు ఎత్తకుండా.

ఎండ వాలాక స్నానం చేసి, బీరువాలేని ఆ గదిలో ట్రంకుపెట్టె అడుగున దాచిన ఆకుపచ్చ చీర కట్టుకుంది. బియ్యప్పిండి నీళ్ళలో కలిపి గడప బయట కూర్చుంది. పిడికిలి ముంచి మొదటి పాదం అద్దింది. మడమ వీధికి, వేళ్ళు ఇంటికి. ఒక పాదం, దాని పక్కన కాస్త ముందుకు ఇంకో పాదం. గడప దాటింది, చాప పక్క నుంచి పోయింది, దేవుడి గూటి కింద ఆపింది. వెనక్కి తిరిగి చూస్తే ఒక పసివాడు తడికాళ్ళతో ఇంట్లోకి వచ్చినట్టే ఉంది. ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. ఏడ్చింది కూడా. ఏడవటం అయ్యాక మనసు తేలికపడింది.

అప్పుడిక అసలు పని. వారం నుంచి మనసులో దాచుకున్నది. గోడవార, కొత్త చాప ముందు, ముగ్గుపిండితో రెండు పెద్ద పాదాలు గీసింది. భుజాల వెడల్పు ఎడం, ఎడమ భుజం దేవుడి గూటి వైపు వచ్చేట్టు. కుడికాలి చిటికెనవేలి చుక్క ఒరగబెట్టింది. సంచీలోంచి చిట్లిన బంతి తీసి, కొంగుతో తుడిచి, ఎడమ మడమ పక్కన పెట్టింది. కాస్త వెనక్కి జరిగి చూసుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల చూసి ఎంత నవ్వుతుందో! రెంగమ్మాళ్ ఒకరిని నవ్వించటానికి తనంతట తాను చేసిన పని జీవితంలో ఇదొక్కటే.

పళ్ళెం మీద గుడ్డ కప్పి, గోడకు ఆనుకుని కాళ్ళు చాపి కూర్చుంది. నొప్పి ఇప్పుడు చెయ్యంతా దిగింది. వీధిలో బండి చప్పుడైనప్పుడల్లా మెడ నిటారుగా చేసింది. ఒకటి పాలబండి. ఒకటి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడవాళ్ళను దింపే వ్యాను. ఒకటి ఎవరిదో మోటారుసైకిలు. దీపాలు పెట్టే వేళయింది. లేచి వెలిగిద్దామనుకుంది, కాసేపాగి లేద్దామనుకుంది.

"పరవాలే పాపా" అంది గోడలు అలవాటుపడ్డ ఆ తెలుగులోనే. "పనుండొచ్చు. ఇంగోసారి వద్దువులే."

కళ్ళు మూసుకుంది. ఊపిరి ఒకసారి పొడుగ్గా తీసుకుంది. ఆ తర్వాత ఆ గదిలో చీడైల వాసన తప్ప ఇంకేమీ కదలలేదు.

పూర్తిగా చీకటి పడకముందే సందు మొదట్లో కారు ఆగింది. తూత్తుక్కుడి రేవులో ఆగిపోయిన సరుకు గొడవ తేలేసరికి పొద్దుపోయింది గానీ, కార్తీశ్వరి మర్చిపోలేదు. పొద్దున ఫోను వల్ల ఒక మాటైనా చెప్పలేదని దారంతా నొచ్చుకుంటూ వచ్చింది. చేతిలో మల్లెపూల పొట్లం, వెన్న గిన్నె. నీలం తలుపు తెరిచే ఉంది. గడప దగ్గర చెప్పులు విడిచి, బుల్లి పాదాలు చూసి ఆగింది. చిన్నప్పుడు అవ్వ చెప్పినట్టు, వాటి మీద కాలు పడకుండా పక్కనే అడుగులేస్తూ లోపలికి వచ్చింది.

"అవ్వా... నిద్రపోతివా?"

పని చేసి అలిసిపోయిందనుకుంది. లేపటం ఇష్టంలేక చుట్టూ చూసింది. గోడవార పెద్ద పాదాలూ, బంతీ కనబడ్డాయి. నవ్వు ఆపుకోలేకపోయింది. పూలపొట్లం చాప మీద పెట్టి, చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, గీత చెదరకుండా వాటిలో నిలబడింది. మోకాళ్ళు సడలించి, కర్ర లేకపోయినా చేతులు వేలాడేసింది. బంతిని దగ్గరికి లాక్కోలేదు.

"చూడవ్వా, ఇప్పుడు సరిగ్గా నిలబడితినా?"

జవాబు కోసం అలాగే నిలబడి ఉంది. రెంగమ్మాళ్ చెయ్యి చాప అంచు మీద అరచెయ్యి పైకి తెరుచుకుని ఉంది. వేళ్ళ మడతల్లో బియ్యప్పిండి ఎండిపోయి ఉంది. కార్తీశ్వరి ఆ చెయ్యి పట్టుకుని చూసింది. తర్వాత ఆమె వేసిన కేకకు మారీశ్వరి ముందు వచ్చింది, వెనకే లైన్ ఇళ్ళన్నీ వచ్చాయి.

పొద్దున ఆనందరాజ్ వచ్చాడు. పల్లె నుంచి చెల్లెలూ, ఆమె మనుషులూ వచ్చారు. ఆమెకు నువ్వేమవుతావని చెల్లెలు అడిగితే, తల దగ్గర కూర్చున్న కార్తీశ్వరి "మా అవ్వ" అని మాత్రం అంది. ఎండెక్కక ముందే తీసుకుపోయారు. వచ్చినవాళ్ళ కాళ్ళ కింద, పోయినవాళ్ళ కాళ్ళ కింద గడప నుంచి గూటి దాకా ఉన్న బుల్లి పాదాలన్నీ చెరిగిపోయాయి. గోడవార రెండు పెద్ద పాదాలను మాత్రం ఎవరూ తొక్కలేదు. పైతోలు చిట్లిన బంతి ఎడమ మడమ పక్కన, పెట్టినచోటే ఉంది.